అమ్మ కుడి భుజం

యీషున్, సింగపూరు
13 ఫిబ్రవరి 2000

చెల్లి రాజామణికి,

అన్న వెంకటరాముడు రాయునది. ఇక్కడ అందరం బాగున్నాము. అబ్బాయి సురేన్‌కి ఆఫీసు పని ఎక్కువ. ఆదివారం కూడా కంప్యూటరు ముందే ఉంటున్నాడు. మనవరాలు శర్మిల పరీక్షలకు చదువుతోంది.

నువ్వు రిజిస్టరు పోస్టులో పంపిన అమ్మ ఫోటో చేరింది. తెల్లవాళ్ళ కాలం ఎమర్జెన్సీ రోజుల్లో గుర్తింపు కార్డుల కోసమని కొబ్బరి ఎస్టేటువాళ్ళందరినీ వరసలో నిలబెట్టి తీసిన ఫోటో. అమ్మకు ఇది తప్ప ఇంకోటి లేదు. చెవి దగ్గర పురుగు తినేసింది. గడ్డం కింద మచ్చ పట్టింది. ఇంకో రెండు వానాకాలాలు పోతే మొహం కూడా మిగలదు.

క్లబ్బులో ముసలివాళ్ళకు బొమ్మల క్లాసు పెట్టారని పోయిన ఉత్తరంలో రాశాను. మిస్ లిమ్ అని చీనా అమ్మాయి నేర్పుతుంది. రాగి రేకు మీద మైనం పూత పూస్తారు. ఆ పూత మీద సూదితో బొమ్మ గీస్తారు. తరువాత ఆసిడ్‌లో ముంచుతారు. గీత పడిన చోట ఆసిడ్ రాగిని తింటుంది. ఆ గాట్లలో సిరా నింపి, తడి కాగితం వేసి, రోలరు కింద తోస్తే బొమ్మ అచ్చు పడుతుంది. ఎచ్చింగ్ అంటారు. అచ్చు బ్లాకులు చేసే షాపులో నేను ముప్పై ఆరేళ్ళు చేసిన పనికి ఇది దగ్గరి చుట్టం. అక్కడ జింకు, ఇక్కడ రాగి. అక్కడ ఆసిడ్ తినగా మిగిలింది అచ్చయ్యేది. ఇక్కడ తిన్నదే అచ్చవుతుంది.

ఫోటో పోయేలోపల అమ్మను రాగి మీద గీస్తాను. రేకు ఉంటే ఎన్నయినా తీయవచ్చు. మన ఏడిళ్ళకూ ఏడు తీస్తాను. ఫోటోలో చెరిగిపోయినవి నీకేమైనా గుర్తుంటే రాయి. నాకు కొన్ని గుర్తు రావడం లేదు.

ఇట్లు,
వెంకటరాముడు

*

బాగన్ డాటో, పేరా, మలేషియా
27 ఫిబ్రవరి 2000

అన్నయ్యకు రాజామణి నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి మీ బావ, "ఇదేంటే, మీ అన్న పేజీ దాటి రాశాడు, ఒంట్లో బాగుందా కనుక్కో" అన్నారు. నిజమే మరి. నీ పెళ్ళి కబురు కూడా నాలుగు ముక్కల్లో రాసినవాడివి.

అమ్మ సంగతి అడిగావు. అన్నీ రాస్తాను, వరసగా గీసుకో. చెవి తమ్మెలు రెండూ సాగిపోయి ఉంటాయి. పురుగు తిన్న చెవికి రెండో చెవి చూసి గీసెయ్. ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంటుంది, కొబ్బరి డొక్క ఎగిరి తగిలింది, నువ్వప్పుడు బడిలో ఉన్నావు. అది మరిచిపోకు. గడ్డం కింద మచ్చ మాత్రం ఫోటోకి పట్టినదే, అమ్మకు లేదు. ఉందని గీసేవు. ఇక నోరు. మూసుకున్నట్టే ఉంటుంది గానీ మూసుకోదు. ఏదో అనబోయి ఆగినట్టు ఉంటుంది, అనకుండా మాత్రం ఎప్పుడూ ఆగలేదు. కార్డు రాసుకునే గుమాస్తా వయసెంత అంటే, "నువ్వే చెప్పు నాయనా, నీకు చదువుంది గదా" అన్న మనిషి.

ఎస్టేటులో కూలీల లైన్ల ఇళ్ళు సగం కూల్చేశారు. మనం పుట్టిన ఇల్లు వచ్చే నెలలో పోతుంది. తమ్ముళ్ళ పిల్లలకు అమ్మ అంటే పేరే, మొహం తెలీదు. నువ్వు గీసిందే వాళ్ళకు నాయనమ్మ అవుతుంది. జాగ్రత్తగా చెయ్యి.

నీ దగ్గరకు అమ్మ ఒక్కసారే వచ్చింది కదూ. మళ్ళీ వెళ్దామే అంటే మోకాళ్ళే అనేది. ఆ మోకాళ్ళతోనే తైపింగ్‌లో పెళ్ళికి వెళ్ళి, మూడు రోజులు నిలబడి వండింది. ఎందుకో ఇప్పుడు గుర్తొచ్చింది.

రాజామణి

*

యీషున్
9 ఏప్రిల్ 2000

చెల్లి రాజామణికి,

అచ్చు బాగా వచ్చింది. ఇందులో ఒకటి గొట్టంలో చుట్టి పంపుతున్నాను. విప్పాక బరువు పెట్టి ఒక రోజు ఉంచు, సాపు అవుతుంది.

మొహం మీది గీతలకు ఆసిడ్‌లో నాలుగు నిమిషాలే ఉంచాను. తీసి, ఇంకా తినకుండా వాటి మీద వార్నిష్ పూసి, జుట్టుకూ చీరకూ మళ్ళీ ముంచాను. జుట్టుకు నలభై నిమిషాలు పట్టింది. ఎంత తింటే అంత నలుపు. మిస్ లిమ్, "అంకుల్, యూ డోంట్ నీడ్ టీచర్ లా" అంది.

పక్క బ్లాకు ఫ్లాట్లలో ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు ఉన్నారు. జనార్ధనరావు, రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు కంప్యూటర్లు చూస్తాడు. భార్య తారాదేవి. ఇద్దరూ మంచివాళ్ళు. కింద అంగట్లో తెలుగు మాట విని పలకరించారు. ఇంటిపేరు అడిగారు. చెప్పాను. వాళ్ళదీ మనదీ ఒకటే. "అయితే మీరు మాకు బాబాయి వరస" అన్నాడు. ఇక్కడ నేను అందరికీ అంకుల్‌నే. ఈ వయసులో ఒకరు బాబాయిగారూ అంటే బాగుంది.

ఆగస్టు ఆఖరున క్లాసువాళ్ళ బొమ్మలు క్లబ్బులో పెడతారు. అమ్మది కూడా పెడతారు. జనార్ధనరావు తెలుగువాళ్ళందరినీ పిలుస్తానన్నాడు.

మిగతా ఆరూ తీసి పంపుతాను.

వెంకటరాముడు

*

బాగన్ డాటో
30 ఏప్రిల్ 2000

అన్నయ్యకు,

గొట్టం వచ్చింది. నువ్వు చెప్పినట్టే బియ్యం డబ్బా పెట్టి సాపు చేశాను. బల్ల మీద పరిచి అందరం చుట్టూ నిలబడ్డాం.

మొదట ఏడుపొచ్చింది. చెవులు సరిగ్గా కుదిరాయి. నోరు ఎంత బాగా కుదిరిందంటే, ఏదైనా అంటుందేమో అని భయమేసింది. మీ బావ కూడా "అత్తే" అన్నారు.

తరువాత చూశాను. కనుబొమ్మ తెగింది కుడివైపు ఉంది. పైట ఎడమ భుజం మీద ఉంది.

అమ్మ చచ్చేదాకా కుడి భుజానే పైట వేసుకుంది. అమ్మే కాదు, మన ఆడవాళ్ళందరూ అంతే. ఎస్టేటులో ఎడమ పైటలవాళ్ళు మనల్ని దూరం నుంచే పోల్చుకుని, "కుడిపైటోళ్ళు, కుండ పక్కన పెట్టండే" అనేవాళ్ళు. నీకు గుర్తు లేదా. కుళాయి దగ్గర ఆ మాట పడ్డ రోజు అమ్మ వాళ్ళ బిందె తనే ముందు నింపి, "నా చేతి నీళ్ళు తాగండమ్మా, మీ పైటకేం కాదులే" అంది. ఊరంతా నవ్వింది.

ఈ బొమ్మలో ఉన్నది ఎవరో పెద్దింటి ఆడమనిషి. మన అమ్మ మొహం పెట్టుకుంది.

నేను చదివింది నాలుగో తరగతే గానీ, అచ్చు తిరగబడుతుందని నువ్వు చెప్పగా విన్నదాన్నే. ముప్పై ఆరేళ్ళు బ్లాకుల మీద అన్నీ తిరగేసి చెక్కిన చెయ్యి నీది. నా పెళ్ళి శుభలేఖ బ్లాకు నువ్వే చేశావు. ఒక్క కొమ్ము కూడా అటుది ఇటు పడలేదు. మరి అమ్మ దగ్గర చెయ్యి ఎలా తప్పింది?

మిగతావి పంపకు. ఇది ఎవరికీ ఇవ్వలేదు, బీరువాలో పెట్టాను.

రాజామణి

*

యీషున్
14 మే 2000

చెల్లి రాజామణికి,

నువ్వు రాసింది నిజమే. తిరగేసి గీయడం మరిచిపోయాను. వయసు మీద పడింది. క్లాసులో చాలామంది ఇలాగే మరిచిపోతారు.

పైట తప్ప తక్కినది బాగుంది అన్నావు. సంతోషం.

సురేన్‌కి జలుబు తగ్గింది.

వెంకటరాముడు

*

బాగన్ డాటో
28 మే 2000

అన్నయ్యా,

నువ్వు మరిచిపోలేదు.

మిగతాది నీ అంతట నువ్వే రాయి. నాకు తొందర లేదు.

రాజామణి

*

యీషున్
18 జూన్ 2000

రాజామణికి,

రెండు వారాలుగా ఈ కాగితం బల్ల మీద ఉంది. రాస్తున్నాను.

మరిచిపోలేదు. ఫోటో చూసి పెద్దదిగా ట్రేసింగ్ కాగితం మీద గీశాను. ఆ కాగితాన్ని బోర్లా తిప్పి రేకు మీద దించుకుంటే అచ్చులో సరిగ్గా పడుతుంది. బోర్లా తిప్పాను. కాసేపు చూశాను. మళ్ళీ వెల్లకిలా తిప్పి దించాను. మిస్ లిమ్, "అంకుల్, రివర్స్ అవుతుంది" అని కూడా అంది. తెలుసు అన్నాను.

దానికి ముందు వారం జనార్ధనరావు, తారాదేవి మా ఇంటికి టీకి వచ్చారు. క్లాసులో అమ్మ బొమ్మ చేయబోతున్నానని చెప్పాను. "మన ఇళ్ళల్లో పెద్దావిడల తీరే వేరు బాబాయిగారూ, ఎప్పుడు చూపిస్తారు" అంది ఆ అమ్మాయి. మన ఇళ్ళల్లో అంది. ఫోటో సొరుగులో ఉంది. తీయలేదు.

ఇది ఇప్పటి తప్పు. దీనికి ముందు ఒకటి ఉంది.

సురేన్ బారసాలకు అమ్మ వచ్చింది. 1958. షాపులో తెలుగువాళ్ళం నలుగురం. మిగతా ముగ్గురూ ఎడమ పైట వాళ్ళు. ఫోర్‌మన్ రామన్నగారు నా ఇంటిపేరు విని, తమవాణ్ణే అనుకుని పనిలో పెట్టుకున్నాడు. నేను కాదనలేదు. ఆరేళ్ళు అలాగే జరిగిపోయింది. మీ వదిన ప్రభావతి కాపురానికి వచ్చిన రోజే పైట మార్చుకుంది. నేను అడిగాను, మార్చుకుంది.

బారసాల రోజు రామన్నగారు భార్యతో వస్తున్నాడు. అమ్మ వంటింట్లో ఉంది. దగ్గరకు వెళ్ళి, "అమ్మా, ఈ ఒక్క పూట పైట అటు వేసుకో" అన్నాను.

"ఎటు?" అంది.

"అందరూ వేసుకునే వైపు."

"అందరూ అంటే ఎవర్రా?" అంది.

అమ్మ నా మొహం చూసింది. ఇంకేమీ అడగలేదు. ఎలా కట్టాలో తనకు తెలియలేదు. ప్రభావతి కట్టింది.

చీర ఆ భుజాన నిలబడలేదు. వాళ్ళు వచ్చాక, పిల్లాణ్ణి ఎత్తుకోవడానికి అమ్మ చేతులు చాపింది. పైట జారింది. పిల్లాణ్ణి తిరిగి ప్రభావతి చేతుల్లో పెట్టి పైట సర్దుకుంది. మళ్ళీ ఎత్తుకోలేదు. మనవణ్ణి చూడాలని అంత దూరం రైలెక్కి వచ్చిన మనిషి, ఆ పూటంతా ఒక చేత్తో పైట పట్టుకుని గోడ పక్కన కూర్చుంది.

రామన్నగారి భార్య, "అమ్మగారు మాట్లాడరేం?" అని అడిగింది. "ఆవిడకు మాటలు తక్కువ" అన్నాను.

అమ్మకు మాటలు తక్కువా, రాజామణీ.

మూడో రోజు వెళ్ళిపోయింది. స్టేషనులో పైట కుడికే ఉంది. అప్పుడు కూడా నేను ఎవరైనా చూస్తున్నారేమో అని అటూ ఇటూ చూశాను. అది అమ్మ చూసింది. మళ్ళీ రాలేదు. మోకాళ్ళు కాదు.

నీకు ఇది తెలియదనుకుంటాను. తెలియకుండా పోదామనుకున్నాను.

వెంకటరాముడు

*

బాగన్ డాటో
2 జూలై 2000

అన్నయ్యా,

నాకు తెలుసు. అమ్మ నీ దగ్గర నుంచి తిరిగి వచ్చిన రోజే చెప్పింది. వాకిట్లో చాప మీద కూర్చుని, ఎలా జారిపోయిందో చేసి చూపించి, నవ్వుతూ చెప్పింది. "సింగపూరులో గాలి అటు కొడతాదే, పైట ఇటు నిలబడదు" అంది. చుట్టుపక్కలవాళ్ళు కూడా నవ్వారు. లోపలికి వచ్చాక మాత్రం, "ఈ మాట వాడి దగ్గర ఎత్తకు, వాడు సిగ్గుపడతాడు" అంది. అందుకే నేను ఎత్తలేదు. నువ్వే చెప్తావేమో అని నలభై రెండేళ్ళు చూశాను.

కార్డుకు ఫోటో తీయించిన తెల్లదొర కూడా అమ్మను పైట మార్చుకోమనలేదు అన్నయ్యా.

సరే. నువ్వు రాశావు, నేను చదివాను. దీన్ని మీ బావకు చూపించను.

ఆ రేకు పక్కన పెట్టి ఇంకోటి చెయ్యి. కనుబొమ్మ ఎడమ, పైట కుడి. క్లబ్బులో పెట్టేది అదే పెట్టు. నీకు డెబ్బై, నాకు అరవై నాలుగు. ఇంకెవరికి భయపడాలి.

రాజామణి

*

యీషున్
6 ఆగస్టు 2000

రాజామణికి,

కొత్త రేకు అయింది. ఈసారి కాగితం బోర్లా తిప్పి దించాను. అచ్చులో అమ్మ పైట కుడి భుజాన ఉంది. మొదటి దానికంటే మొహం కొంచెం ముసలిగా వచ్చింది. ఆసిడ్ ఒక నిమిషం ఎక్కువ తిన్నది. పరవాలేదు.

అయినా ఇంకో తప్పు జరిగింది. దాచి లాభం లేదు.

క్లబ్బుకు రమ్మని తెలుగువాళ్ళకు పంచడానికి జనార్ధనరావు ఒక కాగితం వేయించాడు. దాని మీద వేయడానికి అమ్మ అచ్చు కావాలన్నాడు. కొత్తది ఇచ్చాను. ఇచ్చేటప్పుడు చెబుదామనుకున్నాను. లిఫ్టు దగ్గర నిలబడి ఉన్నాడు, తొందరలో ఉన్నాడు. చెప్పలేదు.

నిన్న కట్ట తెచ్చి ఇచ్చాడు. "బాబాయిగారూ, ఈసారి మీరు తిప్పడం మరిచిపోయినట్టున్నారు. పైట కుడికి పోయింది. మొదటిది చూశాను కాబట్టి పట్టుకున్నాను. స్కాన్ చేసి కంప్యూటర్లో ఒక్క నొక్కు నొక్కాను, సరైపోయింది" అన్నాడు. సాయం చేశానని ఎంత సంబరంగా చెప్పాడో. అతని తప్పు కాదు.

నేను "థాంక్స్ బాబూ" అన్నాను.

రెండు వందల కాగితాలు. అన్నింటి మీదా అమ్మ మళ్ళీ ఎడమ పైట వేసుకుని ఉంది. మూడు వారాలు కూర్చుని గీసింది అతను ఒక్క నొక్కుతో తిప్పేశాడు. ఒక్క మాటతో నేను ఆపగలిగేవాణ్ణి.

నీకు మొహం ఎలా చూపించాలో తెలియడం లేదు. ఉత్తరం కాబట్టి సరిపోయింది.

వెంకటరాముడు

*

బాగన్ డాటో
13 ఆగస్టు 2000

అన్నయ్యా,

రెండుసార్లు నీకు కోపంగా రాసి చింపేశాను. మీ బావ, "కాగితాలు చింపుతున్నావు, ఎవరితోనే గొడవ" అన్నారు.

చిన్నప్పుడు బడిలో పంతులు పేరు అడిగితే నువ్వు పలక మీద రాసి చూపించేవాడివి. నోటితో చెప్పేవాడివి కాదు. "నోరు లేదురా నీకు" అని ఆయన తిట్టేవాడు. ఇప్పుడు కొత్తగా నోరొస్తుందని నేను అనుకోను.

నోరు లేకపోతే పోనీ. చెయ్యి ఉందిగా. దానితో ఏం చేస్తావో చెయ్యి.

రాజామణి

*

యీషున్
3 సెప్టెంబరు 2000

రాజామణికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఆలోచించాను. తరువాత క్లబ్బుకు వెళ్ళి, కొత్త రేకు తుడిచి, అంతటా మళ్ళీ మైనం పూశాను. కింది అంచున సూదితో అక్షరాలు గీశాను. తిరగేసి. కళ్ళద్దాలు రెండు పెట్టుకున్నాను గానీ చెయ్యి తడబడలేదు. "అప్పలమ్మ. వెంకటరాముడి తల్లి." అంతే. ఇరవై నిమిషాలు ఆసిడ్‌లో ఉంచాను, లోతుగా తినాలని.

ఎందుకో చెబుతాను. అక్షరాలు సరిగ్గా చదవగలిగితే బొమ్మ తిరగబడలేదని అర్థం. ఎవరైనా పైట సరిచేయాలని తిప్పితే అమ్మ పేరు తిరగబడుతుంది. జనార్ధనరావు కోసం కాదు, నా కోసమే చేశాను. ఇక మరిచిపోయానని నేను చెప్పలేను.

శనివారం క్లబ్బుకు నలభై మంది దాకా వచ్చారు. తెలుగువాళ్ళు పదిహేను మంది ఉంటారు. నేను అమ్మ బొమ్మ పక్కన కుర్చీలో కూర్చున్నాను. కుర్చీ అంచున. జనార్ధనరావు, తారాదేవి ఇంకో జంటను వెంటబెట్టుకుని వచ్చారు. "మా బాబాయిగారు వేసింది" అని వాళ్ళకు చెబుతున్నాడు. బొమ్మ దగ్గరకు వచ్చి ఆగాడు.

"అదేంటి బాబాయిగారూ, మళ్ళీ తిరగబడిందే పెట్టారు" అన్నాడు.

నేను చేతులు చూసుకుంటున్నాను. శర్మిల వెనక నుంచి, "తాతా, హీ ఈజ్ ఆస్కింగ్ యూ లా" అంది.

తారాదేవి కింది అక్షరాలు వేలు పెట్టి చదివింది. "పేరు సరిగ్గానే ఉందండీ" అంది భర్తతో. "పేరు సరిగ్గా ఉంటే బొమ్మ ఎలా తిరగబడుతుంది?"

ఇద్దరూ నా వైపు చూశారు. లేచి నిలబడ్డాను.

"తిరగబడలేదు బాబూ. మా అమ్మ అలాగే వేసుకునేది. మా వాళ్ళందరూ అంతే. మొదటిదే నేను కావాలని తప్పు గీశాను" అన్నాను.

"మరి ఇంటిపేరు..." అన్నాడు.

"ఇంటిపేరు ఒకటే. మనుషులం వేరు. నువ్వు వరస కలిపిన రోజే చెప్పాల్సింది."

వెంట వచ్చినవాళ్ళు పక్క బొమ్మ దగ్గరకు వెళ్ళారు. తారాదేవి కాసేపు అమ్మ మొహమే చూస్తూ నిలబడింది. "బాగా గీశారు" అంది. కొంచెం ఆగి, "అంకుల్" అంది.

వెళ్ళేటప్పుడు జనార్ధనరావు కూడా "వస్తాం అంకుల్" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. చెడ్డవాళ్ళు కారు.

బల్ల మీద ఆ కాగితాలు నూటయాభై దాకా మిగిలి ఉన్నాయి. తీసి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఎవరూ ఏమీ అడగలేదు. రైల్లో శర్మిల, "వై డిడ్ యూ డ్రా ఇట్ రాంగ్ ద ఫస్ట్ టైమ్, తాతా?" అని అడిగింది. మా స్టేషను వచ్చేదాకా చెప్పాను. తెలుగులోనే చెప్పాను. వినింది. ఎంత అర్థమయిందో తెలియదు. దిగేటప్పుడు సంచి తను పట్టుకుంది.

చెప్పేస్తే తేలిక పడతాననుకున్నాను. పడలేదు. ఇంత చిన్న మాట. అమ్మ ఉండగా రామన్నగారి ముందు అని ఉంటే, ఆవిడ పిల్లాణ్ణి ఎత్తుకునేది.

ఏడు అచ్చులు ఈ గొట్టంలో ఉన్నాయి. పాతది బీరువాలోంచి తీసి ఏం చేస్తావో నీ ఇష్టం.

వెంకటరాముడు

*

బాగన్ డాటో
24 సెప్టెంబరు 2000

అన్నయ్యా,

ఏడూ చేరాయి. ఆరు ఇళ్ళకు నేనే మీ బావ కారులో తిరిగి ఇచ్చి వచ్చాను. పెద్ద తమ్ముడు చేతిలోకి తీసుకోగానే, "అమ్మ నన్ను తిట్టబోతోంది" అన్నాడు. చిన్నవాడి కొడుకు గోడకు మేకు కొడుతుంటే నిచ్చెన చిన్నవాడే పట్టుకున్నాడు.

ఏడోది మా హాల్లో పెట్టాం. అక్కడే వచ్చింది తంటా.

మొన్న నా కోడలు సత్యవాణి దాని కింద నిలబడి, "అత్తయ్యా, పెద్దావిడ పైట అటు ఉంది కదా. మరి మీరు ఇటు వేసుకుంటారేం?" అంది. మామూలుగానే అడిగింది. "కాలం మారిందిలేమ్మా" అన్నాను. అంటూనే నా గొంతు నాకే నీ ఉత్తరంలా వినిపించింది. 'వయసు మీద పడింది' అని రాసిన ఉత్తరం.

నేను నీకు అంత కోపంగా ఎందుకు రాశానో ఇప్పుడు చెప్పాలి. నువ్వు అమ్మను ఒక్క పూట మార్చుకోమన్నావు. నేను పెళ్ళయిన మూడో రోజు నుంచి నలభై అయిదేళ్ళుగా ఎడమకే వేసుకుంటున్నాను. మా అత్తవాళ్ళు మనవాళ్ళే. మామగారు కూలీల మీద కంగాణీ అయ్యాక ఇంట్లో ఆడవాళ్ళు మార్చుకున్నారు. నన్ను ఎవరూ బలవంతం చేయలేదు. అత్త ఒక్కసారి చూపించింది, నేను రెండోసారి చూపించమని అడిగాను. ఎడమకు వేసుకుంటే నేను వేరే మనిషిలా ఉన్నాననిపించింది. నాకు నచ్చింది. అసలు సిగ్గు అదే.

నెల తిరక్కుండా అమ్మ నన్ను చూడడానికి వచ్చింది. గుమ్మంలో నిలబడి చూసింది. నేను ఎదురెళ్ళే తొందరలో పైట జారింది. అమ్మ దగ్గరకొచ్చి తనే దాన్ని తీసి సర్ది భుజం మీద వేసింది. ఎడమ భుజం మీదే వేసింది. "ఇలాగేనా?" అని అడిగింది. ఊఁ అన్నాను.

నీ మీద కోపం వచ్చినప్పుడల్లా నాకు ఆ 'ఊఁ' వినిపించకుండా పోయేది.

నిన్న గది తలుపు వేసుకుని కుడికి వేసుకుని చూశాను. చేతులకు తెలియలేదు. కుచ్చిళ్ళు అటు తిరగవు. భుజం బరువుగా ఉంది. ఇంతలో మీ బావ కాఫీ అని తలుపు కొట్టారు. గబగబా విప్పి, మళ్ళీ ఇటే కట్టుకుని బయటకు వచ్చాను. నా ఇంట్లో నేనే దొంగలా.

నీకు ఏం రాయాలో ఇక తెలియడం లేదు. తిట్టాలనిపిస్తే తిట్టు.

రాజామణి

*

యీషున్
8 అక్టోబరు 2000

రాజామణికి,

నీ పైట సంగతి నాకు తెలుసు. నీ పెళ్ళయిన ఏడాది దీపావళికి నేను అక్కడికి వచ్చినప్పుడే చూశాను. బాధపడ్డానని రాస్తే అబద్ధం అవుతుంది. సంతోషించాను. ఇక చెల్లెలు సింగపూరు వచ్చినా పరవాలేదు అనుకున్నాను. ఆ తరువాత నిన్ను నాలుగుసార్లు పిలిచాను. అమ్మను ఆ బారసాలకు తప్ప పిలవలేదు. అది కూడా ఇక్కడ రాసేస్తున్నాను. ఇంకేమీ మిగలలేదు.

నిన్ను నేను తిట్టలేను. ఆ చోటు నాకు లేదు.

మిస్ లిమ్ నాకు ఇంకో రాగి రేకు ఇచ్చింది. అంచులు ఆకురాయితో అరగదీసి ఉంచాను. నీ బొమ్మ గీస్తాను. నీకు బోలెడు ఫోటోలు ఉన్నాయి, కానీ అవి వద్దు. పెళ్ళిళ్ళలో తీసినవి, వాటిలో నువ్వు నువ్వులా ఉండవు. వచ్చే నెల బస్సెక్కి రా. బావను కూడా తీసుకురా. కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుంది. గంట సేపు కూర్చుంటే చాలు, ట్రేసింగ్ కాగితం అక్కర లేకుండా చూసి గీస్తాను. మాట్లాడుతూనే ఉండు. నోరు కదిలితే ఏమీ కాదు.

పైట ఎటు వేసుకోవాలని మాత్రం నన్ను అడగవద్దు. నేను చెప్పను.

వెంకటరాముడు